సినిమా పాటలో పాలమూరు కిన్నెర

2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట వచ్చాకే తెలుగునాట చాలామంది కిన్నెరను మొదటిసారి విన్నారు. సంగీత దర్శకుడు తమన్ బాణీలో డప్పులూ కోరస్సూ అందుకోకముందు వినిపించే గొంతు కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యది. ఆయనది ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా లింగాల మండలం అవుసలికుంట. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు.

కిన్నెర పాలమూరు దిక్కు కథకుల వాద్యం. పొడవాటి వెదురు బొంగు, దాని కింద ఎండబెట్టి గుల్ల చేసిన సొరకాయ బుర్రలు, పైన తీగలు. బొంగు మీద వరుసగా నిలిపిన మెట్లను తేనెమైనంతో అతికిస్తారు. మైనం మెత్తగా ఉంటుంది కాబట్టి శ్రుతి తేడా వస్తే మెట్టును కాస్త జరిపి సరిచేసుకోవచ్చు. పూర్వం మెట్లకు అలుగు పెంకులు, తీగలకు వెంట్రుకలు, పశువుల నరాలు వాడేవారు. ఇప్పుడు తీగలు లోహానివి. నెమలీకలు, పూసలు, గజ్జెలు కట్టి ముస్తాబు చేస్తారు. మొగులయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర.

ఒక చేతి వేళ్లు మెట్ల మీద తీగను నొక్కుతుంటే మరో చెయ్యి మీటుతుంది. కథకుడు ఒక చరణం పాడి ఆపగానే తీగ అదే వరుసను అందుకుంటుంది. ఆ సందులో అతను ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి మాట తలుచుకుంటాడు. వినేవాళ్లకూ అప్పటిదాకా విన్నది మనసుకెక్కుతుంది. ఒక్క మనిషే రాత్రంతా కథ నడపగలగడం వెనక కిటుకు ఇదే.

ఆ కథలు ఎవరివన్నది కూడా చూడాలి. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్నను పాలమూరు జనం మరవకపోవడానికి కిన్నెర కథకులు ముఖ్య కారణం. సర్కారు కాగితాల్లో దొంగగా నిలిచే మనిషి వాళ్ల పాటలో వీరుడవుతాడు.

‘భీమ్లా నాయక్’ పాట ఎత్తుగడ ఈ కథకుల పద్ధతినే పట్టుకుంది. హీరో బలం గురించి చెప్పకముందే అతను పుట్టిన తండా, పక్కనున్న వాగు, కన్న తల్లిదండ్రుల పేర్లు వస్తాయి. వీరుణ్ని ఊరూ వంశమూ చెప్పి నిలబెట్టడం కథకుల మర్యాద. అయితే ఆ ముచ్చట ఎక్కువసేపు సాగకముందే డప్పుల హోరు కమ్మేస్తుంది.

ఇక్కడ మార్క్ నాఫ్లర్ చేసిన పని గుర్తుకొస్తుంది. డైర్ స్ట్రెయిట్స్ రాక్ బృందానికి నాయకుడైన ఈ గిటారిస్టు, ఉత్తర ఐర్లండ్ కల్లోలం మీద 1984లో వచ్చిన ‘కాల్’ సినిమాకు సంగీతం ఇచ్చాడు. చంక కింది తిత్తితో గాలి నింపి వాయించే ఐరిష్ పైపుల కోసం ఆ విద్యలో ఆరితేరిన లియామ్ ఓఫ్లిన్‌ను పిలిపించుకున్నాడు. ఆ ఆల్బంలో పైపులు పాటకు ముందొచ్చే అలంకారంగా మిగల్లేదు. సినిమా దుఃఖాన్ని చాలామటుకు అవే మోశాయి. గిటారు చాలాచోట్ల వెనక్కి తగ్గింది.

కిన్నెరకు మన సినిమా ఇంకా ఇవ్వనిది ఆ చోటే. ఎత్తుగడ పాడించుకుని పంపేస్తే దక్కేది కొత్త శబ్దం ఒక్కటే. ఆ వాద్యం అసలు బలం గొంతుకూ తీగకూ నడుమ సాగే సంభాషణలో ఉంది, దానికి నిడివి కావాలి. పండుగ సాయన్న కథను తెరకెక్కించేవాళ్లు నేపథ్య సంగీతమంతా కిన్నెర మీద కట్టి చూడాలి. డప్పులు దాని వెనకాల నడవొచ్చు.