కాచుకున్నాకే దెబ్బ

పదునైన ఎదురు జవాబును ఇంగ్లిష్‌లో 'రిపోస్ట్' అంటారు. ఇటాలియన్‌లో 'రిస్పోస్తా' అంటే మామూలు జవాబే. ఫ్రెంచి కత్తిసాములో పడ్డాక అది ఎదురు పోటు అయింది. ఇంగ్లిష్‌లోకి 18వ శతాబ్దం మొదట్లో కత్తిసాము మాటగానే వచ్చి, తర్వాతెప్పుడో మళ్లీ సంభాషణలోకి చేరింది. 'రిటార్ట్' కూడా ఎదురు జవాబే గానీ, దాని లాటిన్ మూలంలో ఉన్నది వెనక్కి మెలితిప్పడం. నాకు రిపోస్టే నచ్చుతుంది. కారణం ఆ ఆట నియమంలో ఉంది.

మన భవానీదేవి టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన సేబర్ పోటీలే తీసుకోండి. ఇద్దరి కత్తులూ ఒకేసారి తగిలి రెండు దీపాలూ వెలిగితే పాయింటు ముందు దాడికి దిగినవాళ్లది. కానీ ఆ దాడిని రెండోవాళ్లు తమ కత్తితో పక్కకు నెట్టగలిగితే, హక్కు వాళ్ల చేతికొస్తుంది. వెంటనే కొట్టే ఆ దెబ్బే రిపోస్ట్. కాచుకోకుండా కొడితే హక్కు లేదు. కాచుకుని కూడా తాత్సారం చేస్తే చేతికొచ్చింది పోతుంది.

మాటల్లో కాచుకోవడమంటే ఎదుటివాళ్లు అన్నది ఆఖరి అక్షరం దాకా వినడం. ఈ విద్య నేను చూసింది అవధాన వేదికల మీద. ఓసారి మా ఊళ్లో అప్రస్తుత ప్రసంగం నాకు అప్పగించారు. అవధానిగారు నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరం కూర్చుకుంటుండగా అడ్డుపడ్డాను: "మీ పద్యం నడక బాగుంది. మీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా?" ఆయన కళ్లు మూసుకుని పూర్తిగా విన్నారు. "పద్యానికి పాదాలే తప్ప మోకాళ్లుండవు కదండీ, అందుకే నడక బాగుంది" అని, ఆగిన అక్షరం దగ్గరికే వెళ్లిపోయారు. సభతోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. నా 'నడక'నే పట్టుకుని నాకు తిప్పికొట్టారాయన. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

టీవీ చర్చల్లో ఇప్పుడు కనిపించేది వట్టి దెబ్బలే. అవతలివాళ్లు వాక్యం పూర్తి చేయకముందే వీళ్ల వాక్యం మొదలవుతుంది. వాళ్లేమన్నారో తెలియకుండా ఇచ్చేది జవాబు ఎలా అవుతుంది? పిల్లలు ఇదే వాదన అనుకుంటారేమోనని నా దిగులు.

బడుల్లో వాదోపవాద పోటీలు పెట్టే మాస్టార్లకు ఒక విన్నపం: అవతలి జట్టు అన్న మాటను ముందు సరిగ్గా తిరిగి చెప్పి, ఆ తర్వాత బదులిచ్చిన పిల్లలకు విడిగా మార్కులు వేయండి.