జవాబులు లేని పుస్తకము

పాఠ్యపుస్తకమును పరిశీలించువారు సాధారణముగా దానియందేమున్నదో చూతురు. ‘బాల్ వైజ్ఞానిక్’ విషయములో అందు లేనిదానిని ముందు చూడవలెను. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో (నేటి పేరు నర్మదాపురం) 6, 7, 8 తరగతుల పిల్లలు చదివిన ఈ హిందీ విజ్ఞానశాస్త్ర పుస్తకములో అప్పగించుటకు తగిన నిర్వచనములు అరుదు. ప్రయోగమెట్లు చేయవలెనో చెప్పును. చేసిన పిదప ఏమి కనబడినదని అడుగును. జవాబు మాత్రము చెప్పదు. అది పిల్లవాని నోటుపుస్తకములో తయారుకావలెను.

1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు 16 మిడిల్ స్కూళ్లలో ఈ పని ఆరంభించినవి. ఢిల్లీ విశ్వవిద్యాలయపు అధ్యాపకులు, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తోడు వచ్చిరి. 1978లో అది జిల్లా అంతటికిని వ్యాపించినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాత ఆ భారము వహించినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది.

ఈ ప్రయత్నమును మెచ్చుకొనువారు మొదట చెప్పునది పరికరముల చౌకదనము. 1978లో అక్కడికి వచ్చిన ఇంజనీరు అరవింద్ గుప్తా సైకిలు వాల్వుట్యూబు ముక్కలలో అగ్గిపుల్లలు గ్రుచ్చి ఆకృతులు కట్టించెను. చతురస్రమును నొక్కినచో ఒరిగిపోవును, త్రిభుజము ఒరగదు. వంతెనలలో త్రిభుజములెందుకో పిల్లవాని వ్రేళ్లకే తెలియును. ముచ్చటైన సంగతియే. కాని చేయించు మనసు లేని ఉపాధ్యాయుని సొరుగులోని అగ్గిపెట్టె, తాళము వేసిన బీరువాలోని సూక్ష్మదర్శినికంటె ఎక్కువ పాఠము చెప్పదు.

ఈ పుస్తకపు అసలు బలము సంభావ్యతను గూర్చిన పాఠము వంటి చోట్ల బయటపడును. ఒక బాలుడు నాణెమును 10 సార్లు ఎగురవేసెననుకొనుడు. 7 సార్లు బొమ్మ పడినది. ప్రక్కవానికి 4 సార్లే. తప్పెవరిది? ఎవరిదియు కాదు. 10 సార్లలో బొమ్మగాని బొరుసుగాని 7 అంతకు మించి పడుట ఇంచుమించు మూడింట ఒకమారు జరుగునదే. 40 మంది లెక్కలను నల్లబల్లపై కూడినచో మొత్తము 400 అగును. అప్పుడు బొమ్మలు 180కి 220కి నడుమ ఉండుటకు నూటికి 95 పాళ్లు అవకాశము. సగమునుండి తేడా నూటికి 5 లోపల అన్నమాట. అటువంటి తరగతులు 16 తమ లెక్కలు కలుపుకొన్నచో 6,400 అగును, తేడా నూటికి ఒకటింబావు దాటుట అరుదు. ఒంటరి నోటుపుస్తకము చెప్పలేని జవాబును పది నోటుపుస్తకములు కలిసి చెప్పును. పుస్తకము మౌనముగా ఉండగలిగినది ఈ ధైర్యముతోనే.

ఉపాధ్యాయుని స్థితియు ఇట్టిదే. పల్లెటూరి బడిలో 40 మంది పిల్లల ముందు ‘నాకు తెలియదు, చేసి చూతము’ అనుట సులభము కాదు. గౌరవము పోవునని భయము. వేసవిలో మూడు వారములపాటు జరిగిన శిక్షణలో ఉపాధ్యాయులే పిల్లలవలె ప్రయోగములు చేసిరి. అటుపైన చుట్టుప్రక్కల బడులవారు నెలకొకసారి సంగమ కేంద్రమున కూడి, ఏది చేయించితిమి, ఎక్కడ చెడినది అని చెప్పుకొనిరి. తన బడిలో చెడిన ప్రయోగము పొరుగు బడిలోను చెడినదని విన్నవానికి సిగ్గు పోవును, కారణము వెదకుటకు ఓపిక వచ్చును. మరునాడు తరగతిలో వాని గొంతే మారును. పిల్లలు దానిని ఇట్టే పసిగట్టుదురు. పరీక్షలు సైతము పుస్తకము తెరచి వ్రాయునవి, చేతితో చేసి చూపునవి అగుటచే చెప్పినదానికి అడిగినదానికి పొత్తు కుదిరినది.

లోపములు లేకపోలేదు. కంటికానని పరమాణువులు, అణువులు వంటి వానికి ఈ పద్ధతిలో చోటు తక్కువ. తొమ్మిదవ తరగతిలో మామూలు పుస్తకము చేతికి వచ్చినప్పుడు పిల్లవాడు ఒక్కసారిగా వానిని నమ్మకముపై స్వీకరించవలసి వచ్చును. చేతికందని దానిని గూర్చి శాస్త్రజ్ఞులెట్లు ఊహింతురో కొంతయైన చూపవలసినది. అంతకంటె పెద్ద లోపము మరొకటి. నెలసరి కూడికలకు పోని ఉపాధ్యాయుని చేతిలో ఈ పుస్తకము మామూలు పుస్తకముకంటె అధ్వాన్నము. మామూలు పుస్తకములో సరియైన వాక్యమైన ఉండును.

నిలిచిపోవునాటికి ఈ కార్యక్రమము పలు జిల్లాలలో దాదాపు వేయి బడులకు ప్రాకినది. 16 బడుల ఉపాధ్యాయులను నెలనెలా ఒకచోట కూర్చుండబెట్టుట వేరు, వేయి బడులవారిని కూర్చుండబెట్టుట వేరు. ఇట్టి పుస్తకమును మరల తలపెట్టువారు అచ్చుఖర్చుకు ముందు ఆ ఒకరోజు సెలవును, ప్రయాణభత్యమును లెక్క వేసికొనవలెను.