లక్షతో మొదలై నూరుకు దిగే శోకం

గుత్తి నుంచి పత్తికొండ దారి పడితే పదిహేను కిలోమీటర్లు పోకముందే ఎర్రగుడి వస్తుంది. అనంతపురం దాటి కర్నూలు జిల్లాలో అడుగుపెట్టినా నేల మారదు. అవే గుండ్రాళ్ల గుట్టలు, అదే మెట్ట సేద్యం, వాన కోసం అదే ఎదురుచూపు. ఆ గుట్టల్లో కొన్ని బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. 1920ల చివర అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంట పడ్డాకే అవి పండితుల చేతికి వచ్చాయి. చరిత్ర విద్యార్థులు వీటిని చదువుతారు. సాహిత్యం చదివేవాళ్లు మాత్రం ఇటు తొంగి చూడరు. అది నాకు బాధ. పదమూడో శాసనం ప్రాకృత వచనమే కావచ్చు, కానీ యుద్ధం చేసినవాడి అపరాధ భావాన్ని గురించి మన నేల మీద నిలిచిన రాతల్లో నేనెరిగినంతలో ఇదే అన్నిటికన్నా పాతది. పనితనంలో కావ్యాలకు తీసిపోదు.

దాని ఎత్తుగడ చూడండి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు రాజు కళింగను గెలిచాడని మొదలవుతుంది. వెంటనే లెక్క. లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారు, లక్ష మందిని చంపారు, అంతకు ఎన్నో రెట్లు మంది చచ్చిపోయారు. మొదటి రెండింటికీ అంకె ఉంది. మూడోదానికి లేదు. యుద్ధం తర్వాత ఆకలితో, రోగంతో, దిగులుతో పోయినవాళ్లను ఏ సేనాపతి లెక్కపెట్టగలడు? రాసినవాడు అక్కడ అంకె వేయకుండా వదిలేశాడు. ఆ ఖాళీలోనే దుఃఖమంతా ఉంది.

తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. తరలింపు, హత్య, మరణం అనే మూడు మాటలూ మళ్లీ వస్తాయి. ఈసారి చంపడం ముందుకొస్తుంది, తరలించడం వెనక్కి పోతుంది. ఆ మూడూ నిలబడ్డ చోటనే నిలబడవు, మనుషుల వైపు జరుగుతాయి. అమ్మానాన్నల మాట వినేవాళ్లు, పెద్దల్ని గౌరవించేవాళ్లు, స్నేహితులతో, చుట్టాలతో, పనివాళ్లతో మంచిగా మెలిగేవాళ్లు అక్కడ దెబ్బ తిన్నారంటాడు. శత్రువులనుకున్నవాళ్లు ఒక్కసారిగా ఇరుగుపొరుగువాళ్లయిపోతారు. ఆ పైన, ఒంటి మీద గాయమే లేని మనిషి దగ్గరకు వస్తాడు. తనకు ఏమీ కాలేదు, కానీ తన స్నేహితుడికి, తన బంధువుకు ఆపద వచ్చింది. అది కూడా వాడికి తగిలిన దెబ్బే అంటాడు. కనపడని గాయాన్ని ఇరవై రెండు శతాబ్దాల కింద ఇంత సూటిగా పట్టుకున్న వాక్యం చదివిన ప్రతిసారీ నేను ఆగిపోతాను.

చివరికి మళ్లీ లెక్కే. ఆనాడు పోయినవాళ్లలో నూరో వంతు, వెయ్యో వంతు మందికి ఇవాళ అలా జరిగినా తనకు భరించరాని బరువంటాడు. లక్షలో వెయ్యో వంతంటే నూరుమంది. లక్షతో మొదలైన రాత నూరుమంది దగ్గరకు దిగింది. సంఖ్య తగ్గుతున్నకొద్దీ బరువు పెరుగుతోంది. ఈ నడక అనుకోకుండా కుదిరిందంటే నేను నమ్మను.

తిక్కన శాంతిపర్వంలో ధర్మరాజుకూ ఇదే బాధ. కర్ణుడు తన అన్న అని తెలిశాక రాజ్యమే వద్దంటాడు. కానీ ఆయన చుట్టూ తమ్ముళ్లున్నారు, ద్రౌపది ఉంది, కృష్ణుడూ వ్యాసుడూ ఉన్నారు, ధర్మం చెప్పడానికి అంపశయ్య మీద భీష్ముడున్నాడు. ఎర్రగుడి బండ మీద ఓదార్చే గొంతు ఒక్కటీ లేదు.

ఈ శోకం కడిగిన ముత్యమని మాత్రం అననక్కరలేదు. పశ్చాత్తాపం చెప్పిన నోటితోనే అడవి జనాలకు హెచ్చరిక ఉంది. బుజ్జగిస్తూనే, తనకింకా బలముందని, సిగ్గుపడి మానుకోకపోతే చావు తప్పదని గుర్తుచేస్తాడు. కత్తి పట్టి చంపిన మామూలు సైనికుడి నిద్రలేని రాత్రుల ఊసు ఎక్కడా లేదు. పైగా కళింగలోని ధౌళి, జౌగడ బండల మీద ఈ పదమూడో శాసనాన్నే చెక్కించలేదు, దాని బదులు వేరే శాసనాలు పెట్టించాడు. దెబ్బ తిన్నవాళ్ల ముందు ఆ మాట అనలేకపోయాడు. ఈ లోపాలు రాతను చిన్నబుచ్చవు. తప్పు చేసినవాడి మనసు అంత తొందరగా శుభ్రపడదని అవే సాక్ష్యం చెబుతాయి.

తెలుగువాళ్లకు మరో సంగతి. ధర్మవిజయం, అంటే కత్తితో కాక ధర్మంతో సాధించే గెలుపు, సాగిన చోట్లు చెబుతూ గ్రీకు రాజుల పేర్లతో, చోళ పాండ్యులతో పాటు ఆంధ్రులనూ ఇదే శాసనంలో పేర్కొన్నాడు. ఇక్కడి చిన్న శాసనం రాజు మాటను భేరి మోగించి జనానికి చాటమంటుంది. అంటే ఈ పశ్చాత్తాపమూ ఈ ఊళ్లలో ఎవరి చెవినో పడే ఉంటుంది.

గుత్తి కోట చూడటానికి వెళ్లేవాళ్లు ఇంకో అరపూట పెట్టుకుని ఎర్రగుడి దాకా వెళ్లండి. వెళ్లే ముందు పదమూడో శాసనం తెలుగు అనువాదం ఒకసారి పైకి చదువుకోండి. పాఠ్యపుస్తకాలు తయారుచేసేవాళ్లకు నా మనవి ఒక్కటే. దీన్ని సాంఘికశాస్త్రంలో రెండు వాక్యాలతో సరిపెట్టకుండా, తెలుగు వాచకంలో ఒక పాఠంగా పెట్టండి.