నాలుగు వందల రాణులు

గోస్తనీ! అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల చీకటి దాటి, శృంగవరపుకోట సీమని తడిపి, జామి వాకిట పలకరించి, పద్మనాభం కొండకి మొక్కి, భీమిలి దగ్గర కడలి ఒడికి చేరే తల్లీ! నీ నీళ్లతో ఎన్ని పెళ్లివాకిళ్లకి కళ్లాపి చల్లారు? ఎన్ని పాదాల పారాణి నీ అలల్లో కరిగి ఎర్రబారింది? ఆ పాదాల్లో ఇంకా నడక రానివెన్ని? పుణ్యగిరి ధార రాతి మీద పడి పగలూ రాత్రీ ఘోషిస్తూనే ఉంది. శివరాత్రికి దాని కింద తల తడుపుకుని పాపాలు పోయాయనుకున్న తండ్రులున్నారే, వాళ్ల రొండిన ఉన్న రూపాయల మూట తడిసిందా?

నువ్వు చెప్పవు. ఒక కాగితం చెప్పింది.

అది విజయనగరం కోట పుట్టించిన కాగితం. విక్టోరియా రాణి ఏలుబడిలో, 1879 నుంచి 1897 దాకా ఆ గద్దె మీద పూసపాటి ఆనందగజపతి మహారాజు ఉన్నారు. మన సంస్థానాల కాగితాల్లో మామూలుగా ఉండే సంగతులు వేరు: కౌలు బాకీలు, చెరువుగట్టు మరమ్మతులు, దేవుడి మాన్యాలు, దసరా ఏనుగులు. 1887 ప్రాంతంలో ఈ మహారాజు పుట్టించిన కాగితం వీటిలో చేరేది కాదు. మద్రాసు శాసనసభలో సభ్యుడు కూడా అయిన ఆయన, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన ఆడపిల్లల పెళ్లిళ్లు ఎన్నో లెక్క రాయమన్నారు. శృంగవరపుకోట అప్పుడు ఆ జిల్లాలో ఒక తాలూకా.

లెక్క తేలింది. 1034.

ఏడాదికి 344 చొప్పున. అయిదేళ్ల వయసు పెళ్లికూతుళ్లు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44. మూడేళ్లకి 36. రెండేళ్లకి ఆరుగురు. ఏడాది వయసుకి ముగ్గురు. ఆ చంటివాళ్ల వెల తలకి 350 నుంచి 400 రూపాయలు. పుట్టని బిడ్డకి, తల్లి కడుపులో ఉండగానే బేరం కుదిరిన సందర్భాలూ ఉన్నాయి. ఈ అంకెలన్నీ గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి రాసిన ఇంగ్లీషు పీఠికలో భద్రంగా ఉన్నాయి. పుస్తకం 1897లో అచ్చయింది, మహారాజుకే అంకితమైంది, ఆయన ఆ ఏడే వెళ్లిపోయారు.

అయ్యో, ఆ ముగ్గురు! గోరుముద్దల వయసు, ఉయ్యాల వయసు. నుదుట బాసికం కట్టబోతే చేత్తో లాగేసి నోట్లో పెట్టుకునే వయసు. మేనమామ పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తేవడం మన ఆచారం. పదేళ్ల పిల్లయితే మేనమామ ఆపసోపాలు పడతాడు, చుట్టూ వాళ్లు మేలమాడతారు. ఈ పిల్లకి గంప నిండను కూడా నిండదు. దొర్లిపోకుండా పక్కల రెండు పాత చీరలు కుక్కి ఉంటారు. జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టే వేళకి తలమీద జుట్టయినా సరిగ్గా వచ్చిందో లేదో. మంగళవాయిద్యాల హోరుకి ఉలిక్కిపడి ఏడిస్తే, పాలకి ఏడుస్తోందన్నారేమో. ముహూర్తం మించిపోకుండా ఎవరో పాలు పట్టే ఉంటారు.

ఇక వెండి సంగతి. ఆనాటి రూపాయి సరిగ్గా తులం బరువు. 400 రూపాయలంటే ఎనభై తులాల సేరుతో అయిదు సేర్లు, ఇప్పటి తూకంలో నాలుగున్నర కిలోల పైచిలుకు. ఏడాది బిడ్డ బరువులో సగం. కృష్ణుణ్ణి తూచినప్పుడు తులసిదళానికి మొగ్గిందట త్రాసు. ఈ త్రాసు ఇంత తేలిగ్గా ఎట్లా మొగ్గింది స్వామీ!

ఆ రూపాయల్ని ఒక్కొక్కటే రాతి మీద వేసి మోగించి, ఖంగుమంటేనే మూటకట్టేవాళ్లు. ప్రతి రూపాయి మీదా ఒక ముఖం ఉండేది. కిరీటం పెట్టుకున్న ఆడమనిషి ముఖం. 1877 నుంచి చుట్టూ ఎంప్రెస్ అన్న బిరుదుతో అచ్చోసిన విక్టోరియా ముఖం. ఆ రాణికి 1861లో భర్త పోయాడు. అప్పటినుంచి 1901లో కన్నుమూసేదాకా నలభై ఏళ్లు నల్లబట్టలు విడవలేదు. అంటే, పొద్దున్నే విధవ ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరే పెద్దమనిషి, నాలుగు వందల సార్లు ఒక విధవ ముఖాన్ని కళ్లకద్దుకుని పెట్టెలో దాచుకున్నాడు. ఏ పంచాంగమూ అభ్యంతరం చెప్పలేదు. సముద్రాల అవతల వైధవ్యానికి కిరీటం ఉంది, సింహాసనం ఉంది. ఇక్కడ అదే వైధవ్యం వస్తే మంగలికత్తి, ముతకబట్ట, ఒంటిపూట కూడు, వంటింటి పొగ. ముసలి వరుడి ఊపిరి మీద వేలాడిన ఆ ముడి ఎప్పుడు తెగుతుందో లెక్కలు రానివాడు కూడా చెప్పగలడు. రాణీ, నీ ముఖాలు నాలుగు వందలు పోగుపడి ఒక్కొక్క పిల్ల పసుపుకుంకాలకి అచ్చారం అయ్యాయి. నీకు తెలిసి ఉండదులే.

లెక్కల్లో ఈ 1034 కూడా పూర్తిది కాదు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఇష్టపడక బుకాయించినవాళ్లున్నారు. అమ్మినవాడికి అమ్మానని చెప్పడానికి సిగ్గేసింది, అమ్మడానికి వెయ్యలేదు! ఆ బొంకు వెనక మిగిలిపోయిన పిల్లలకి అంకె కూడా దక్కలేదు.

మహారాజుని నేను తప్పుపట్టను. చుట్టూ ఉన్న ప్రభువులు నాట్యాలూ వేటలూ చూసుకునే కాలంలో ఆయన పసిపిల్లల్ని లెక్కపెట్టించాడు. దీన్ని అరికట్టే చట్టం కోసం ప్రయత్నమూ జరిగింది, కానీ చట్టం రాలేదు. సభల్లో ఓడిపోయిన సంగతిని ఆయన కొలువులోని అప్పారావు రంగస్థలానికి ఎక్కించాడు. 1892లో విజయనగరంలో నాటకం ఆడారు. అగ్నిహోత్రావధాన్లు కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్దెనిమిది వందలకి కుదిర్చాడు, గిరీశం చుట్ట వెలిగించాడు, జనం విరగబడి నవ్వారు. నూట ముప్పై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాం. ఆ నవ్వు గొప్పదే, దాన్ని మించింది తెలుగులో మరోటి లేదంటాను. అయినా ఒక్కోసారి నాటకం చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది. సుబ్బికి కరటకశాస్త్రి లాంటి మేనమామ దొరికాడు, శిష్యుడికి ఆడవేషం కట్టించి మోసం చేసి మరీ ఆ పెళ్లి తప్పించాడు. జాబితాలో ఉన్నవాళ్ల మేనమామలు గంపలు మోశారు. నాటకంలోని బుచ్చమ్మకి, మీనాక్షికి, అసలు పుట్టనేలేని వాళ్లకి పేర్లున్నాయి. నిజంగా పుట్టినవాళ్లకి అంకెలున్నాయి.

సరిగ్గా ఆ 1887లోనే బొంబాయిలో రఖ్మాబాయి అనే యువతి, పదకొండో ఏట తనకి చేసిన పెళ్లి తనది కాదని కోర్టులో నిలబడింది. కాపురానికి వెళ్లు, లేదా జైలుకి వెళ్లమంటే జైలే నయమంది. పత్రికలకి ఉత్తరాలు రాసింది. మరుసటి ఏడు రెండు వేల రూపాయలిచ్చి ఆ ముడి విప్పుకుని, వైద్యం చదివి డాక్టరైంది. ఆమెకి అక్షరం ఉంది. లక్కవరపుకోట, వేపాడ, అలమండల అరుగుల వెనక చింతపిక్కలతో ఆడుకుంటున్న పిల్లకి ఏ అక్షరముంది? అన్నగారు అరుగు మీద వేదం వల్లిస్తుంటే గోడకి చెవి ఆనించి విన్నా, అది తనది కాదనేవాళ్లే. ఓ అమ్మలారా, మీలో ఒక్కరు ఒక్క ఉత్తరం రాసి ఉంటే! బొగ్గుముక్కతో గోడ మీదైనా, ముగ్గుపిండితో గుమ్మంలోనైనా!

చట్టం వచ్చింది. ఎప్పుడు? శారదా చట్టం 1929లో పుట్టి 1930 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండాలంది. ఆ తేదీ ముంచుకొచ్చేలోగా దేశమంతటా జనం ఎగబడి పసివాళ్ల మెడల్లో పుస్తెలు కట్టేశారు. మహారాజు జాబితాలో అయిదేళ్లదని రాసిన పిల్ల బతికి ఉంటే ఆ వేసంగికి ఏభైకి దగ్గరపడి ఉంటుంది. పుట్టింట్లోనే, తమ్ముడి సంసారంలో, పెరటివైపు గదిలో. చట్టం రాకముందే మనవరాలికి మూడు ముళ్లు వేయించేద్దామని తమ్ముడు తొందరపడితే, పీటల దగ్గరికి ఆమెని రానివ్వరు. కానీ తెల్లారగట్ల లేచి, తడిబట్ట కట్టుకుని, కట్టెలపొయ్యి రాజేసి, వందమందికి మడివంట వండిపెట్టాల్సింది ఆమే. పులిహోర కలిపేటప్పుడు ఉప్పు చాలిందో లేదో రుచి కూడా చూడకూడదు, పెళ్లికూతురికి ఎన్నేళ్లని అడగనూ కూడదు.