కాకి వాలింది, తాటిపండు పడింది

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్. అక్కడే మా అక్క ఇల్లు. సైకాలజీ మొదటి ఏడాది చదువుతున్న మేనకోడలు తన మొట్టమొదటి అసైన్‌మెంట్‌ను భోజనాల బల్ల మీద పడేసి మూతి ముడుచుకుంది. పుస్తకంలో ఉన్న సిద్ధాంతాలన్నీ పొల్లుపోకుండా రాసింది. ట్యూటర్ మాత్రం పక్కన ఒక్క ముక్క గీకాడు: వాళ్లేమన్నారో రాశావు, అది నమ్మదగిందో కాదో ఎక్కడ తేల్చావు? “ఒక్క తప్పు చూపించమను మామయ్యా” అంది. నిజమే, తప్పు లేదు. ఇంటర్ దాకా హైదరాబాద్‌లో ఏ పనికి భేష్ అన్నారో, ఇక్కడ ఆ పనికే మార్కులు తెగ్గోశారు.

ఆస్ట్రేలియాలో సైకాలజీ డిగ్రీకి గుర్తింపు కావాలంటే, విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పుతున్నట్టు చూపించాలి. సైకాలజిస్టుగా రిజిస్టర్ కావడానికి కనీసం ఆరేళ్లు పడుతుంది, ఆ ఆరేళ్లూ ఈ సాధన వెన్నంటే ఉంటుంది. మన దగ్గర విమర్శ అంటే పేపర్లో ప్రతిపక్షం చేసేదనే అర్థం స్థిరపడిపోయింది గానీ, సంస్కృతంలో ఆ మాట వెనకున్న ధాతువుకు తాకడం, తడమడం అని అర్థం. నాకు ఇదే నచ్చుతుంది. కొబ్బరికాయ కొనేముందు చెవి దగ్గర ఆడించి చూస్తాం. అది కాయను తిట్టడం కాదు కదా!

అలా ఆడించి చూడడం ఎందుకో తెలియాలంటే డొనాల్డ్ థామ్సన్ కథ వినాలి. జ్ఞాపకశక్తి మీద పనిచేసిన ఆస్ట్రేలియన్ సైకాలజిస్టు ఆయన. ఒక సంగతి ఏ సందర్భంలో మనసుకెక్కిందో, ఆ సందర్భపు ఆనవాళ్లే దాన్ని మళ్లీ బయటికి లాగుతాయని ఎండెల్ టుల్వింగ్‌తో కలిసి 1973లో రాసిన పత్రం ఇప్పటికీ పాఠంగా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు పోలీసులు ఆయన్ను అత్యాచారం కేసులో పట్టుకున్నారు. బాధితురాలు ముఖం చూసి ఇతనే అంది. కానీ నేరం జరిగిన వేళ ఆయన టీవీలో లైవ్ కార్యక్రమంలో కూర్చుని ఉన్నాడు. అదే చర్చలో పోలీసు ఉన్నతాధికారి ఒకరు కూడా ఉన్నారు. ఇంతకీ చర్చ దేని మీదంటే, ప్రత్యక్ష సాక్షుల జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మవచ్చని! దాడికి కాస్త ముందు ఆమె చూస్తున్నది ఆ కార్యక్రమమే. తెర మీది ముఖం ఆ భయంలో నేరస్థుడి ముఖమై కూర్చుంది.

ఆమె అబద్ధమాడలేదు, చెప్పింది నిజమూ కాదు. నిజం, అబద్ధం అని రెండే గళ్లు గీసుకుంటే ఈ కేసు దేంట్లోనూ పట్టదు. ముఖం చూసిన మాట వాస్తవం, ఎక్కడ చూసిందో అది తారుమారైంది. ఇది కాక ఇంకేమైనా కావచ్చా అని మూడో గడి కోసం వెతకడమే ఈ చదువులో అసలు విద్య అని నాకు అనిపిస్తుంది. మిగతావన్నీ దానికి పనిముట్లు.

ఆ పనిముట్లలో ఒకటి వాదపటం. కాగితం మీద పైన ఒక గడిలో నిర్ణయం, దాని కింద ఆకుపచ్చ గడుల్లో కారణాలు, ఎర్ర గడుల్లో అభ్యంతరాలు రాస్తారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో టిమ్ వాన్ గెల్డర్ దీన్ని పాఠంగా మలచి, సాఫ్ట్‌వేర్ కూడా చేయించాడు. ఎర్ర గడి మనకేం కొత్త కాదు, మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం అదే.

ఇక్కడి మన ఇళ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది. “రెండున్నరేళ్లొచ్చినా బాబుకు మాటల్లేవు. ఇంట్లో తెలుగు మానేశాం, ఆర్నెల్లలో గలగలా మాట్లాడేశాడు.” ఒక ఆదివారం మేనకోడలు దీనికి పటం గీసింది. పైన ‘తెలుగు వల్లే ఆలస్యం’. కింద ఆకుపచ్చ గడి ఒక్కటే, మానగానే మాటలొచ్చాయని. ఎర్రవి నాలుగు: బాబుకు ఆర్నెల్ల వయసు పెరిగింది, అప్పుడే చైల్డ్‌కేర్‌లో వేశారు, అమ్మానాన్న కంగారుపడి వాడితో ఎక్కువ మాట్లాడారు, తెలుగు మానకుండానే మాటలొచ్చిన పిల్లల గురించి ఎవరూ కథలు చెప్పరు. నాలుగోది నాకు తట్టనే లేదు. కాకి వాలింది, తాటిపండు పడింది అని మన పెద్దలు చెప్పే కాకతాళీయం అంటే ఇదే. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. ఈలోగా ఏ పాపమూ ఎరగని కాకిని ఎన్ని ఇళ్లలోనో తరిమేశారు.

మనుషుల్ని కొలిచే కొలబద్దనే తడిమి చూడడం ఇంకా కష్టం. మెల్‌బోర్న్‌లో పుట్టిన సైకాలజిస్టు స్టాన్లీ పోర్టియస్ 1914 ప్రాంతంలో చిక్కుదారుల పరీక్ష ఒకటి తయారుచేశాడు. తర్వాత దాన్ని ఆస్ట్రేలియా ఆదివాసులైన ఆబొరిజినల్ ప్రజల దగ్గరికి పట్టుకెళ్లి, వచ్చిన ఫలితాలను బట్టి వాళ్ల తెలివి తక్కువని తేల్చాడు. చిక్కొస్తే నలుగురూ కూడి విప్పుకునే మనుషులు వాళ్లు. పక్కనే ఉండి ఈయన సాయం చేయడేమిటని విస్తుపోయారట. ఒంటరిగా కూర్చుని చేయడమే తెలివికి కొలత అని ఎవరు చెప్పారు?

1981లో సైకాలజిస్టు జూడిత్ కీరిన్స్ ప్రచురించిన ప్రయోగం కొలబద్దను మార్చింది. వెస్టర్న్ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతపు ఆబొరిజినల్ పిల్లల ముందు, పోలిక కోసం తెల్లపిల్లల ముందు వస్తువులు వరసగా పేర్చి, అర నిమిషం చూడనిచ్చి, కుప్ప చేసి, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టమంది. తెల్లపిల్లలు కదులుతూ, వస్తువుల పేర్లు గొణుక్కుంటూ గుర్తుపెట్టుకున్నారు. అన్నీ రాళ్లే అయితే పేర్లు ఏం పనికొస్తాయి? ఆబొరిజినల్ పిల్లలు కదలకుండా, పెదవి విప్పకుండా చూసి, వాళ్లకంటే బాగా పేర్చారు. ఎడారిలో నీటిగుంట ఎటుందో గుర్తుండకపోతే బతుకే లేదు, ఆ చూపు అలా వచ్చిందని కీరిన్స్ ఊహ. ఈ ఊహకూ ఎర్ర గడులు పడ్డాయి. వేరే ప్రాంతాల పిల్లలతో చేసినప్పుడు ఇదే తేడా ప్రతిసారీ కనబడలేదు.

ఇది చదివిన రాత్రి మేనకోడలు బల్ల మీద ఇరవై గులకరాళ్లు పేర్చింది. అర నిమిషం చూసి, నేను ఏడు సరిగ్గా పెట్టాను, తను తొమ్మిది. మా అమ్మను పిలిచాం. మాట్లాడకుండా చూసింది, పదహారు పెట్టింది.

“రోజూ చుక్కల ముగ్గు వేసే చెయ్యమ్మా అది!” అన్నాను గర్వంగా.

పిల్ల ఒప్పుకుంటేగా! “ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడొచ్చు మామయ్యా, అన్నమంతా ఒకే కుండలో ఉడికితే. ఒక్క అమ్మమ్మతో ఏం తేలుతుంది?” కోర్సు క్రెడిట్ కోసం రెండు మూడు ప్రయోగాల్లో తానే మెతుకై కూర్చుని వచ్చిన అనుభవం మరి. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగింది. “ఈ రాళ్లు నువ్వు ముందెప్పుడైనా చూశావా?”

“చూడకేం? నా తులసి కుండీలోవి” అంది అమ్మ. “రేపు నీళ్లు పోసేలోగా మళ్లీ అక్కడ పెట్టెయ్.”