ఎక్కి తిరిగితేనే హాంకాంగ్

కొత్త నగరానికి వెళ్తే, అక్కడి జనం పొద్దున్నే దేనిమీద పనికి పోతున్నారో తెలుసుకుని ముందు అదే ఎక్కడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఈ అలవాటున్నవాడికి ఆసియాలో హాంకాంగ్‌ను మించిన ఊరు నాకైతే కనిపించలేదు. మనవాళ్లు కూడా సెలవులకి బాగానే వెళ్తున్నారు. ట్రావెల్స్ వాళ్లిచ్చే కాగితంలో డిస్నీల్యాండ్, మైనపు బొమ్మలు, విక్టోరియా పీక్, పెద్ద బుద్ధుడు ఉంటాయి. హోటల్ దగ్గర ఏసీ బస్సు ఎక్కిస్తారు, ఒక్కోచోట దించుతారు, ఫొటోలయ్యాక మళ్లీ ఎక్కిస్తారు. ఆ బస్సులో అందరూ కునుకు తీసే సమయంలోనే హాంకాంగ్ దాటిపోతుంది. నా బాధ అదీ.

స్టార్ ఫెర్రీనే తీసుకోండి. కౌలూన్ వైపు చిమ్ షా చూయ్ రేవులో ఎక్కితే పది నిమిషాల్లో హాంకాంగ్ దీవిలోని సెంట్రల్ రేవులో దిగుతాం. టికెట్ మన డబ్బుల్లో వంద రూపాయల లోపే. ఆకుపచ్చ, తెలుపు రంగులేసిన రెండంతస్తుల పాతకాలపు పడవ అది. దానికి ముందు, వెనక అంటూ లేవు. రేవులో తిప్పే పని లేకుండా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అందుకని చెక్క సీట్ల వీపుపట్టీలని అటూ ఇటూ వాలేలా బిగించారు. రోజూ ఎక్కేవాళ్లు సీటు దగ్గరికి రాగానే చూడకుండానే పట్టీని అవతలికి తోస్తారు. టక్కుమంటుంది. పడవ పోయేవైపు మొహం పెట్టి కూర్చుంటారు. అవతలి రేవు చేరేసరికి నీలం దుస్తుల నావికులు లేచి తాడు సిద్ధం చేసుకుంటారు. తాడుని కొక్కెం కర్రతో అందుకోవడం, దిమ్మెకి చుట్టడం, పడవ మెల్లగా ఒరుసుకుని ఆగడం, అంతా మనిషి చేతి పనే. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటినవాళ్లకి ఈ తాడు పని కొత్తేం కాదు. దాని వెనక అంతెత్తు బ్యాంకు భవనాలు నిలబడి ఉండడమే కొత్త.

ఈ పడవల కంపెనీ పెట్టింది మన దేశం మనిషేనని చాలామందికి తెలియదు. దొరాబ్జీ నౌరోజీ అనే పార్శీ. వంటపనితో బతుకు మొదలుపెట్టి, రొట్టెల వ్యాపారంలో, హోటళ్లలో నిలదొక్కుకుని 1888లో ఈ ఫెర్రీ కంపెనీ పెట్టాడు. తర్వాత చేతులు మారి 1898లో స్టార్ ఫెర్రీ అయింది. 1966లో పై తరగతి టికెట్ 5 సెంట్లు పెంచుతామంటే ఒక యువకుడు రేవు దగ్గర నిరాహార దీక్షకి కూర్చున్నాడు. అతన్ని అరెస్టు చేశాక కొన్ని రాత్రుల పాటు ఊరు అట్టుడికింది. 2006లో సెంట్రల్‌లోని పాత రేవునీ, దాని గడియారపు స్తంభాన్నీ కూలుస్తుంటే మళ్లీ జనం అడ్డుపడ్డారు. ఆగలేదు. కొత్త రేవుని సముద్రం పూడ్చిన నేల మీద, ఇంకాస్త ముందుకి జరిపి కట్టారు.

ఆ పూడ్చడం ఎంత దూరం పోయిందో ట్రామ్ ఎక్కితే అర్థమవుతుంది. 1904 నుంచీ దీవి ఉత్తరపు అంచున, కెన్నెడీ టౌన్ నుంచి షావ్ కీ వాన్ దాకా ట్రాములు నడుస్తున్నాయి, ఇప్పటివి రెండంతస్తులవి. ఒకప్పుడు ఈ దారిలో చాలాచోట్ల పక్కనే సముద్రం ఉండేది. ఇప్పుడు ట్రామ్‌లోంచి ఎంత తొంగిచూసినా నీళ్లు కనపడవు. పట్టాలు కదల్లేదు, సముద్రమే వెనక్కి పోయింది. హాంకాంగ్ చరిత్ర చెప్పే మ్యూజియాలు చాలానే ఉన్నాయి కానీ ఈ పట్టాలంత సూటిగా చెప్పేది నాకు దొరకలేదు.

ట్రామ్ వెనక వైపు ఎక్కాలి, ముందు వైపు దిగాలి, డబ్బులు దిగేటప్పుడే కట్టాలి. ఎంత దూరం పోయినా ఒకటే చార్జీ, మూడు హాంకాంగ్ డాలర్ల పైచిలుకు. ఆక్టోపస్ కార్డు ఒకటి కొనుక్కుంటే ట్రాముకీ ఫెర్రీకీ మెట్రోకీ బస్సుకీ అదే సరిపోతుంది. పై అంతస్తుకి మెట్లు బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కిందే కూర్చోబెట్టండి. ఎక్కగలిగినవాళ్లు మాత్రం పైకి పోయి ముందు సీటు పట్టుకోవాల్సిందే. షాంగ్ వాన్ దాటుతుంటే ఎండు చేపల దుకాణాల వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది. సెంట్రల్‌లో బ్యాంకులు. వాన్ చాయ్‌లో పాత మేడల కిటికీలకి ఆరేసిన బట్టలు.

నన్నడిగితే నార్త్ పాయింట్ అని బోర్డున్న ట్రామ్ ఎక్కి చివరిదాకా పోవాలి. ఆఖర్లో అది చున్ యూంగ్ వీధిలోకి తిరుగుతుంది. అదొక బజారు. రెండు వైపులా కూరగాయలు, పళ్లు, చేపలు, ఉన్ని బట్టలు. జనం నడిచేదీ బేరాలాడేదీ సరిగ్గా పట్టాల మీదే. డ్రైవరు గంట కొడతాడు. ఎవరూ కంగారు పడరు. సంచి పట్టుకున్న ముసలావిడ రెండడుగులు పక్కకి జరుగుతుంది. తోపుడుబండివాడు బండిని జానెడు వెనక్కి లాగుతాడు. ట్రామ్ వాళ్ల భుజాలకి తగిలీ తగలనట్టు సాగిపోతుంది. పై అంతస్తు నుంచి వెనక్కి తిరిగి చూస్తే పట్టాలు అప్పటికే మళ్లీ మనుషులతో నిండిపోయి ఉంటాయి. డబ్బులు పోసి కొన్న ఏ టికెట్టూ నాకు ఆ వీధంత ఆనందం ఇవ్వలేదు. అక్కడే దిగి, లిచీ పళ్ల కాలమైతే ఓ గుత్తి కొనుక్కుని తిరగండి.

శాకాహారులకి తిండి కష్టమేనన్న మాటలో కొంత నిజముంది. అయితే వాన్ చాయ్‌లో 1901లో సిక్కులు నెలకొల్పుకున్న గురుద్వారా ఉంది. బ్రిటిష్‌వాళ్లు సైన్యంలోకీ పోలీసుల్లోకీ తీసుకొచ్చినవాళ్లు వాళ్లు. అక్కడి లంగర్ అనే భోజనశాలలో పప్పూ రొట్టే ఎవరు వెళ్లినా పెడతారు. లాంటావ్ దీవిలో పెద్ద బుద్ధుడి ఎదుట ఉన్న పో లిన్ మఠంలో కూడా మంచి శాకాహార భోజనం దొరుకుతుంది. ఆ బుద్ధుడి దగ్గరికి 268 మెట్లు. మన హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ని నిలబెట్టింది 1992 డిసెంబరులో, ఈయన్ని ప్రతిష్ఠించింది మరుసటి ఏడాది డిసెంబరులో. అక్కడికి పోయే కేబుల్ కారు బాగుంటుంది గానీ తుంగ్ చుంగ్ నుంచి కొండదారిలో పోయే 23వ నంబరు బస్సు నాకు అంతకంటే ఇష్టం.

పీక్ చూడొద్దనను. 1888 నాటి పీక్ ట్రామ్ కోసం క్యూలో నిలబడే ఓపిక లేకపోతే సెంట్రల్‌లో 15వ నంబరు డబుల్ డెక్కర్ ఎక్కండి. మలుపు మలుపుకీ ఊరు కిందికి దిగిపోతుంటుంది. సెంట్రల్ నుంచి కొండవాలు మీది ఇళ్లకి పోయే 800 మీటర్ల ఎస్కలేటర్ల వరస కూడా వదలొద్దు. పొద్దున పది దాకా అది కిందికి నడుస్తుంది, ఆఫీసులకి దిగేవాళ్ల కోసం. తర్వాత అర్ధరాత్రి దాకా పైకి. సందర్శకుల కోసం కాకుండా ఊళ్లోవాళ్ల కోసం కట్టింది కాబట్టే అది చూడదగ్గది.

ఇంకో మాట. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఉక్కపోత, వానలు. తుపాను హెచ్చరిక 8వ నంబరుకి చేరితే ఫెర్రీలూ ట్రాములూ కూడా ఆగిపోతాయి. పిల్లల బడి సెలవులు కుదిరితే దసరా తర్వాత వెళ్లడం మేలు. ఎప్పుడు వెళ్లినా సరే, ట్రావెల్స్ వాళ్లకి డబ్బు కట్టేముందు ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఒక రోజు మాకు మీ బస్సు వద్దు, ఇంటిల్లిపాదికీ తలో ఆక్టోపస్ కార్డు ఇప్పించి వదిలేయండి అని.