ఇల్లు విడవని కథ కావాలి

నవాబుపేట చుట్టుపక్కల తండాల్లో తీజ్ వస్తే గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోసేది పెళ్లికాని ఆడపిల్లలే. ఆ బుట్ట తానూ ఎత్తుకోవాలని లోలోపల ఆశపడే మగపిల్లవాడు ఏ తండాలోనైనా ఉండొచ్చు. వాడి చేతికి ఇవ్వడానికి తెలుగులో ఏ పుస్తకం ఉంది? ఈ ప్రశ్నతోనే మేము ఎ. రేవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ చదివాం.

పి. సత్యవతి గారు దీన్ని తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. తమిళనాడులో నామక్కల్ దగ్గరి పల్లెలో మగపిల్లవాడని పెంచిన బిడ్డ రేవతి. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, అక్క బట్టలు వేసుకోవడం ఆమెకు ఇష్టం. బడిలో ఎగతాళి, ఇంట్లో అన్నల దెబ్బలు. చివరకు ఇల్లు వదిలి హిజ్రాల దగ్గరికి ఢిల్లీ వెళ్లిపోయింది. అడుక్కోవడం, ఒళ్లమ్ముకోవడం, పోలీసుల హింస, ఏదీ దాచలేదు. ఎక్కడా జాలి అడగలేదు. పుస్తకానికి బలం అదే.

ఇది మనకు పరాయి కథ అనేవారికి ఒక మాట. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలనూ హిజ్రాలనూ కలిపే రిజిస్టర్లకు ఎక్కించింది. అలాంటి చట్టం కిందే మన ఎరుకల వాళ్లను 1913లో మొదలైన స్టువర్టుపురం సెటిల్మెంటులో కట్టడి చేశారు. నిజాం రాజ్యంలో 1919లో హిజ్రాల పేర్లు రాసిపెట్టే చట్టం వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. పుట్టుకే నేరమనిపించుకున్న మనం, మన పిల్లవాడి నడక చూసి నవ్వితే ఆ రిజిస్టరులో మళ్లీ పేరు రాసినట్టే.

అయినా మాకు ఒక వెలితి తోచింది. పల్లెలో బిడ్డ తనలో తాను నలిగిన రోజులు త్వరగా అయిపోతాయి. మిగతా కథంతా పట్నాలదే. పైగా తాను ఆడా మగా అన్నది రేవతి ప్రశ్న. మగపిల్లవాడిగానే ఉంటూ తోటి మగపిల్లవాడిని ఇష్టపడేవాడు, ఆడపిల్ల మీద మనసుపడిన ఆడపిల్ల ఇందులో తమను సగమే చూసుకుంటారు. తాండూరు దాటితే కన్నడ నేల. ఆ భాషలో వసుధేంద్ర ‘మోహనస్వామి’ కథలు 2013లోనే వచ్చాయి. అలాంటి ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. తీర్పు వచ్చినా ఆ మాట యాడీ బాపులకు చెప్పే ధైర్యం పిల్లలకు ఇంకా రాలేదు.

అందుకే మన రాసేవాళ్లను అడుగుతున్నాం. ఆ పిల్లవాడు రైలెక్కి పారిపోని నవల రాయండి. వికారాబాద్‌లో కాలేజీకి పోయి సాయంత్రం తండాకే తిరిగి రానివ్వండి. యాడి కోప్పడనీ, ఏడవనీ, ఆఖరికి అన్నం పెట్టనీ. అది వచ్చేదాకా రేవతి పుస్తకం మన హాస్టళ్ల బీరువాల్లో ఉండాలి, తాళం వేయకుండా.